నూనె లేని జుట్టు, ఒక దువ్వెన, రెండు బూరలు (బెలూన్లు): పిల్లలకు స్థిర విద్యుత్తు చూపించడం ఎలా?

ముందు పిల్లల తలకి నూనె రాయడం ఆపండి. పోయిన వేసవిలో విజయనగరంలో మా మేనకోడలి తలకి బూర రుద్ది గోడకి అంటిస్తానని గొప్పలు పోయాను. బయట ఉక్కపోత, దాని తల నిండా కొబ్బరినూనె. బూర జారి కింద పడింది, అది పడీ పడీ నవ్వింది.

రుద్దినప్పుడు వస్తువు మీద పోగయ్యే విద్యుత్తు, అంటే విద్యుదావేశం, గాలిలో తేమ ఉంటే నిలవదు. మన కోస్తా వైపు సముద్రపు గాలి కాబట్టి, గాలి కాస్త పొడిగా ఉండే డిసెంబరు, జనవరి మంచివి. మంచు విడిపోయి ఎండెక్కాక, ముందురోజు తలస్నానం చేసిన జుట్టుతో మొదలుపెట్టండి.

1. కాగితాన్ని బియ్యపు గింజంత ముక్కలుగా పిల్లల చేతే చింపించండి. ప్లాస్టిక్ దువ్వెనతో ఇరవైసార్లు దువ్వించి, ముక్కలకి అంగుళం ఎత్తున పట్టుకోమనండి. లేచి అంటుకుంటాయి. అందరూ ఇక్కడే చప్పట్లు కొట్టి ఆపేస్తారు. అసలు వింత ఆ తర్వాతే ఉంది, ఇంకాసేపు చూడమనండి. కొన్ని ముక్కలు దువ్వెనని తాకి, చటుక్కున ఎగిరి అవతల పడతాయి. తాకినప్పుడు దువ్వెన ఆవేశం కొంత వాటికీ వచ్చింది. ఒకే రకం ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి.

2. అదే సంగతి పెద్దగా కనబడాలంటే రెండు బూరలు ఊది, దారాలతో పక్కపక్కనే వేలాడదీయండి. రెండింటినీ జుట్టుకి రుద్ది వదిలితే అలిగిన తోడికోడళ్లలా ఎడమొహం పెడమొహంగా ఉంటాయి.

3. కొళాయి నీళ్లు సన్నని ధారగా వదిలి, దువ్విన దువ్వెనని తగలకుండా దగ్గరగా పెట్టండి. ధార అటు వంగుతుంది. దువ్వెన తడిసిందా, తుడిచి ఆరబెట్టాల్సిందే.

పొందూరు ఖద్దరు తువ్వాలుతో ఒకసారి, ఉన్ని స్వెట్టరుతో ఒకసారి బూరని రుద్దించి తేడా అడగండి. నూలు తేమ పీల్చుకుంటుంది కాబట్టి దానితో ఆట అంతగా రక్తి కట్టదు.

ఐదేళ్లవాళ్లకి ఎలక్ట్రాన్ అనే మాట అక్కర్లేదు. "నీ జుట్టులోంచి కంటికి కనబడనివి కొన్ని బూర మీదికి ఎక్కేశాయి" అంటే చాలు. ఎనిమిదేళ్లు దాటితే పేరు చెప్పండి.

"పిడుగు కూడా ఇదేనా?" అని అడుగుతారు. అవును, మబ్బుల్లో పోగైన ఆవేశమే. అందుకే ఉరుములు వినబడగానే చెట్టు కిందికి కాదు, ఇంట్లోకి పరుగెత్తాలని అప్పుడే చెప్పండి. స్విచ్‌బోర్డులోని కరెంటుతో మాత్రం ఆటల్లేవని కూడా. బూర పగిలితే ముక్కలు వెంటనే ఏరేయండి, పసివాళ్లు నోట్లో పెట్టుకుంటే గొంతుకి అడ్డం పడతాయి.