మొద్దులో ముఖం కనిపించేదాకా

వనదేవతల కోసం, అంటే చెట్లలో కనిపించే ముఖాల్ని ఫొటో తీయడానికి, బయల్దేరినప్పుడు నేను కెమెరాను సంచిలోనే ఉంచి ముందు ఊరికే నడుస్తాను. కాసేపు చెట్టు చెట్టులాగే ఉంటుంది. కళ్లు సగం మూసి చూడటం మొదలుపెడితే ఆకులు, గీతలు కలిసిపోయి వెలుగు, నీడ మాత్రమే మిగులుతాయి. మరకలు పడ్డ గోడల్ని చూస్తూ కూర్చోమని, వాటిలో కొండలూ ముఖాలూ కనిపిస్తాయని లియోనార్డో డావిన్చీ చిత్రకారులకు చెప్పింది ఈ చూపు గురించే.

పొద్దు పొడిచిన తొలి గంట, వాలే చివరి గంట మంచివి. ఏటవాలు ఎండకు బెరడులోని ప్రతి గాడీ నీడ పోసుకుంటుంది. 1976లో వైకింగ్ 1 వ్యోమనౌక తీసిన అంగారకుడి ఫొటోలో మనిషి ముఖం కనిపించిందీ అలాంటి వెలుతురులోనే. 2001లో మార్స్ గ్లోబల్ సర్వేయర్ అనే మరో వ్యోమనౌక ఇంకా వివరంగా తీస్తే అది మామూలు గుట్ట. అందుకే ముఖం కనిపించిన చోటే ఆగిపోండి, దగ్గరికి వెళ్లకండి.

ఒక పాత మొద్దు దగ్గరికి నేను ఏడుసార్లు వెళ్లాను. కొమ్మ విరిగి మానిన కణుపు ఒక కన్ను, దాని కింద చీలిక ముక్కు. రెండో కన్ను లేదు. ఏడోసారి వాన అప్పుడే వెలిసింది. బెరడు నల్లబడింది, నాచు పచ్చగా లేచింది, చిన్న తొర్రలో నిలిచిన నీళ్లలో ఆకాశం మెరిసింది. ఆమె నన్ను చూసింది. ఆ క్షణాన్ని ఇప్పటికీ మరిచిపోలేను.

అలాంటప్పుడు ట్రైపాడ్ వేసి, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/8 దగ్గర పెట్టి, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుతురు సగానికి, తగ్గించండి. నీడలు చీకటిగానే ఉండాలి. లెన్స్ ముందు మెరుపు తగ్గించడానికి పెట్టే పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తీసేయండి, అది తడి మెరుపును మింగేస్తే కన్ను పోతుంది. ఫొటోలో సగాన్ని అద్దంలోలా తిప్పి అతికిస్తే ఎక్కడైనా ముఖం పుడుతుంది, కానీ అది మనకు దొరికింది కాదు, మనం చేసింది. బెరడు ఒలవడం, కన్ను కోసం రాయి పెట్టడం అసలే వద్దు.

తర్వాత ప్రింటు మీద ట్రేసింగ్ పేపర్ పరిచి, 4బి పెన్సిల్‌తో నీడలు ఇచ్చిన గీతలే గీయండి. కనురెప్పలు, పెదవులు పూర్తి చేయాలనిపిస్తుంది. చేయకండి. మర్నాడు ఆ కాగితం పట్టుకుని అదే గంటకు, అదే చోట నిలబడండి. చెట్టులో లేని గీత కనిపిస్తే అక్కడే చెరిపేయండి.