తక్కువ ఖర్చులో ఎప్పటికీ పాతబడని బాత్‌రూమ్ (4వ పాఠం): టైల్ వేయకముందు తేల్చుకోవాల్సినవి

ఈ పాఠం టైల్స్ గురించి ఉంటుందని పోయినసారి చెప్పాను. అక్కడికి వస్తాం గానీ, ముందు నీళ్ల పరీక్ష సంగతి తేలాలి. 3వ పాఠం చదివి పని మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమంది అక్కడే ఆగిపోయారు. వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు వేయించారు, ఆరనిచ్చారు, గడప దగ్గర సిమెంటు కట్ట కట్టి రెండు అంగుళాల నీళ్లు నిలబెట్టారు. 48 గంటల తర్వాత చూస్తే మట్టం తగ్గింది. టెన్షన్‌తో కొందరు కోటింగ్ మొత్తం గీకించి మళ్లీ వేయించారు. అంత తొందర అక్కర్లేదు.

నీళ్లు నిలబెట్టే రోజునే అదే గదిలో ఒక ప్లాస్టిక్ టబ్బులో కూడా నీళ్లు పోసి పెట్టండి. టబ్బు లోపలి అంచు మీద, బాత్‌రూమ్ గోడ మీద పెన్సిల్‌తో గీత గీయండి. రెండు రోజుల తర్వాత స్కేలు పెట్టి రెండూ కొలవండి. టబ్బులో 5 మి.మీ., నేల మీద 6 మి.మీ. తగ్గితే అది ఆవిరైపోయిన నీరే. ఎండాకాలంలో ఇంకాస్త ఎక్కువే తగ్గుతుంది. టబ్బులో 5 తగ్గి నేల మీద 20 తగ్గితే మాత్రం నీళ్లకు ఎక్కడో దారి దొరికినట్టే.

ఆ దారి ముందుగా నహానీ ట్రాప్ దగ్గర, అంటే నేల మీది నీళ్లు పైపులోకి దిగే చోట, వెతకండి. మేస్త్రీలు ట్రాప్‌లో గుడ్డ కుక్కి పైన కాస్త సిమెంటు పూస్తారు. ఆ గుడ్డ తడిసి, దాని గుండానే నీళ్లు నెమ్మదిగా పైపులోకి దిగిపోతాయి. కోటింగ్‌లో ఏ లోపమూ ఉండదు. ప్లంబింగ్ సామాన్ల షాపులో రబ్బరు టెస్ట్ ప్లగ్ అడగండి. పైనున్న నట్టు బిగిస్తే రబ్బరు ఉబ్బి పైపును గట్టిగా పట్టుకుంటుంది. అది పెట్టి ఇంకో 24 గంటలు చూడండి. మట్టం నిలబడితే సమస్య అక్కడితో తీరింది.

ప్లగ్ పెట్టాక కూడా తగ్గుతుంటే, కోటింగ్ వేశాక ఎవరైనా ఉలి పట్టారేమో అడగండి. వాటర్‌ప్రూఫింగ్ అయిన మర్నాడు ప్లంబర్ వచ్చి, కమోడ్ పైపు రెండంగుళాలు జరపాలంటూ నేల కొట్టి, పైన సిమెంటు పూసేసి వెళ్తాడు. ఆ సిమెంటు నీళ్లను ఆపదు. అలాంటిచోట మొత్తం గీకాల్సిన పని లేదు. కొట్టిన చోటుకు చుట్టూ అరడుగు మేర దుమ్ము లేకుండా శుభ్రం చేసి, పైపు చుట్టూ ఖాళీని ముడుచుకోని గ్రౌట్‌తో నింపి, అదే కోటింగ్ రెండుసార్లు వేసి, మళ్లీ పరీక్ష పెట్టండి.

మూడో చోటు గడప. చాలా ఇళ్లలో బెడ్‌రూమ్ వైపు, బాత్‌రూమ్ తలుపు ఫ్రేము అడుగున గోడ రంగు పొక్కులు లేచి, వేలితో నొక్కితే ఉప్పులాంటి తెల్లపొడి రాలుతుంది. నీళ్లు గడప రాయి కిందనుంచి బయటికి పాకుతున్నాయని దానర్థం. కోటింగ్ గడప లోపలి అంచు దగ్గర ఆగిపోకూడదు. గడప రాయి కూర్చునే చోటంతా వేసి, పైకి మడిచి, దాని మీద రాయి పెట్టాలి.

నీళ్ల మట్టం తగ్గకుండానే కింది ఫ్లాటు వాళ్ల సీలింగ్‌లో తడి కనిపిస్తే నేలను అనుమానించకండి. మీ బాత్‌రూమ్‌కు నీళ్లొచ్చే వాల్వు కట్టేసి రెండు రోజులు ఆగండి. తడి తగ్గుముఖం పడితే గోడలోని నీళ్ల పైపు కారుతున్నట్టు. పాత ఫ్లాట్లలో ఇంకా జీఐ (జింకు పూత ఇనప) పైపులే ఉంటే తుప్పుపట్టిన ఎల్బో దగ్గర ఇది మామూలే. గోడ ఎలాగూ తెరవాలి కాబట్టి వేడినీళ్లకూ చన్నీళ్లకూ కూడా సీపీవీసీ (వేడిని తట్టుకునే ప్లాస్టిక్) పైపులు వేయించి, ప్రెషర్ పంపుతో పరీక్షించాకే గోడ మూయండి.

పరీక్ష నెగ్గిన వెంటనే కోటింగ్ మీద పల్చటి సిమెంటు పొర (స్క్రీడ్) వేయించండి. కోటింగ్‌ను బోసిగా వదిలేస్తే వారం తిరిగేలోపు ఇనప బకెట్లు, స్టూలు కాళ్లు, చెప్పులకింద ఇసుక కలిసి దాన్ని పాడుచేస్తాయి.

సంకన్ స్లాబ్, అంటే పైపుల కోసం బాత్‌రూమ్ కింద దించి కట్టి నింపిన స్లాబు, అంతా తవ్వించాలా అని కూడా చాలామందికి అనుమానం ఉంది. కింద తడి లేకపోతే, పైపులు బాగుంటే, దాని జోలికి పోకండి. తవ్వకం, చెత్త కిందికి మోయడం, మళ్లీ నింపడం అన్నీ కలిపి బడ్జెట్‌లో పెద్ద ముక్క అక్కడే పోతుంది. తడి ఉంటే మాత్రం వెనకాడకుండా అడుగుదాకా తవ్వించండి. ఈ పాఠాలన్నిటిలోనూ నా లెక్క ఒక్కటే: డబ్బు టైల్ కింద పెట్టాలి, టైల్ పైన పొదుపు చెయ్యాలి.

ఇప్పుడు కొలతలు. పాత టైల్స్ ఎలా కొట్టాలో, సిమెంటు పాలు ఎంతో నేను చెప్పను, అది మేస్త్రీకి తెలుసు. మేస్త్రీకీ ప్లంబర్‌కీ మధ్య ఎవరూ పట్టించుకోని విషయం ఇంకోటి ఉంది. దాన్ని వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే మంచి సామాను కొన్న ఇళ్లలో కూడా పని ఇక్కడే చెడుతోంది. అది మందం.

ప్లంబర్ కొలిచేది ఈరోజు కనిపించే గోడ నుంచి. కమోడ్ ఆనుకునేది పని పూర్తయ్యాక ఉండే గోడకు. ఈ రెంటి మధ్య ఉన్నది ఎంతో కలపండి. ఇటుక గోడ మీద ప్లాస్టరింగ్ 12 నుంచి 15 మి.మీ., టైల్ వెనక సిమెంటు 10 నుంచి 12, టైల్ 8 నుంచి 9. మొత్తం మీద 30 నుంచి 36 మి.మీ., అంటే అంగుళంన్నర దగ్గర. నేలలోకి దిగే ఎస్-ట్రాప్ కమోడ్ 9 అంగుళాలది, అంటే గోడ నుంచి పైపు మధ్యకు 225 మి.మీ. ఉండాల్సింది, కొన్నారనుకుందాం. ప్లంబర్ బోడి ఇటుక నుంచి 225 కొలిచి పైపు పెట్టాడు. టైల్ పడ్డాక గోడ నుంచి పైపు మధ్యకు మిగిలేది 190 చిల్లర. కమోడ్ వెనక ట్యాంకు గోడకు తగులుతుంది, పైపు మీద కూర్చోదు. అప్పుడు మిగిలేవి రెండే దారులు: కొత్త టైల్ కొట్టి, కోటింగ్ కొట్టి పైపు జరపడం, లేదా పైపును పక్కకు మళ్లించే అడాప్టర్ పెట్టడం. అడాప్టర్ పెడితే దారి ఇరుకై, కొన్నాళ్లకు జామ్ అవడం మొదలవుతుంది.

అందుకే ప్లంబర్ వచ్చే రోజున మీరు కొన్న టైల్ ముక్క చేతిలో పట్టుకుని అక్కడ ఉండండి. గోడకు ఆ టైల్‌ను, వెనక రావాల్సిన మందానికి సరిపడా చెక్కముక్కను ఆనించండి. టైల్ ముఖం మీద నుంచి టేపు పెట్టి కొలవమనండి. పాత కమోడ్ తీసిన చోట పాత కొలతే ఉంటుందిలే అని కూడా అనుకోవద్దు. మార్కెట్లో 4, 9, 12 అంగుళాల ఎస్-ట్రాప్‌లు దొరుకుతాయి. బేరానికి దొరికింది కదా అని ముందు కమోడ్ కొని తర్వాత పైపు జరిపించడం పొదుపు కాదు. పైపు ఎక్కడుందో కొలిచి, దానికి సరిపోయే కమోడ్ కొనండి. పైపు అనుకున్నదానికన్నా అంగుళం దూరంగా ఉంటే ఫర్వాలేదు, ట్యాంకు వెనక కాస్త ఖాళీ కనిపిస్తుంది అంతే. దగ్గరగా ఉంటేనే చిక్కు.

పాత టైల్స్ మీదే కొత్త టైల్స్ అతికించేవాళ్లకు ఈ మందం ఇంకోలా దెబ్బ కొడుతుంది. కొట్టే ఖర్చు మిగిలే మాట నిజమే, పాతవి నాణెంతో తడితే ఎక్కడా బోలు శబ్దం రాకపోతే ఆ పద్ధతి నాకూ అభ్యంతరం లేదు. కానీ ప్రతి గోడా అరంగుళం ముందుకొస్తుంది, నేల అరంగుళం లేస్తుంది. తలుపు అడుగు రాసుకుంటుంది. నహానీ ట్రాప్ జాలీ గుంటలో పడుతుంది. ట్యాపుల ఎల్బోలు లోపలికి పోయి ఎక్స్‌టెన్షన్ నిప్పుల్స్ కావాల్సొస్తాయి.

కన్సీల్డ్ డైవర్టర్, అంటే గోడలోపల దాగి ఉండి నీళ్లను షవర్‌కూ ట్యాపుకూ మళ్లించే వాల్వు, పరిస్థితి ఇంతకన్నా సున్నితం. దాని బాడీ మీద ప్లాస్టిక్ మూత ఉంటుంది, ఆ మూత మీద కనిష్ఠం, గరిష్ఠం అని రెండు గీతలుంటాయి. పని పూర్తయ్యాక టైల్ ముఖం ఆ రెండు గీతల మధ్యకు రావాలి. ప్లంబర్ ఇటుకకు సమానంగా బాడీ పెట్టేస్తే, టైల్ పడ్డాక హ్యాండిల్ అందదు. మరీ బయటికి పెడితే పైనుండే ప్లేటు గోడకు అతకదు, ఆ సందులోంచి నీళ్లు గోడలోకి దిగుతాయి. టైల్ వేసేదాకా ఆ మూత ఎవరూ తీయకుండా చూడండి. మేస్త్రీలు అడ్డమని మొదట తీసేది దాన్నే.

నన్నడిగితే డైవర్టరే వద్దు. గోడ బయట ఉండే వాల్ మిక్సర్, దాని మీదుగా వంపు పైపు షవర్ పెట్టుకోండి. ధర తక్కువ, ఎన్నేళ్లయినా చూడ్డానికి పాతబడదు, లోపల స్పిండిల్ అరిగితే గోడ ముట్టుకోకుండా మార్చుకోవచ్చు. రెండు పాయింట్ల మధ్య 6 అంగుళాలు ఉంచి రసమట్టం చూసుకుంటే చాలు. ఫినిషు మాత్రం క్రోమ్ తీసుకోండి. బోరు నీళ్లున్న ఇంట్లో నల్ల ట్యాపుల మీద తెల్ల మరకలు మొదటి నెలలోనే తేలతాయి.

ఇక టైల్స్. షాపులో లైట్, హైలైటర్, డార్క్ అని సెట్టుగా చూపిస్తారు. మధ్యలో పువ్వులో, గులకరాళ్లో బొమ్మ ఉంటుంది. ఆ సెట్టులో లైట్ ఒక్కటే తీసుకుని మిగతా రెండూ వదిలేయండి. మిగతా రెండే బాత్‌రూమ్‌కు ఏ కాలందో ముద్ర వేస్తాయి. పైగా ఆ డిజైన్ ఆగిపోయాక ఒక్క హైలైటర్ పగిలినా జత దొరకదు. గోడలకు 2×1 అడుగుల తెలుపు లేదా దంతపు రంగు, నేలకు 1×1 అడుగు మ్యాట్ బూడిద రంగు. నేలకు పెద్ద టైల్ వద్దు, నాలుగు వైపుల నుంచి జాలీ వైపు వాటం తిరగాలంటే చిన్న టైలైతేనే కుదురుతుంది. డబ్బాల మీద బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఒకటేనా చూసి, లెక్కకు పదో వంతు ఎక్కువ తెచ్చుకోండి.

8×5 అడుగుల గది తీసుకుందాం. చుట్టుకొలత 26 అడుగులు. 7 అడుగుల ఎత్తువరకు వేస్తే 182 చదరపు అడుగులు, రెండున్నర అడుగుల తలుపు తీసేస్తే 164.5. షవర్ వైపు 11 అడుగుల గోడకు మాత్రమే 7 అడుగుల ఎత్తు వేసి, మిగతా 12.5 అడుగుల గోడకు 4 అడుగులవరకు వేస్తే 77, 50 కలిపి 127. 37.5 చదరపు అడుగుల టైలూ, దాని కూలీ, అతికించే సామానూ మిగిలినట్టే. టైల్స్ పైన మిగిలిన గోడకు, ఇంటి బయటి గోడలకు వాడే ఎమల్షన్ వేయించండి. ఈ సగం ఎత్తు పద్ధతి చూడటానికి నాకు చాలా ఇష్టం కూడా.

మిగిలినదాంట్లోంచి గడపకూ, బేసిన్ బల్లకూ చీమకుర్తి నల్ల గ్రానైట్ పట్టీలు తెచ్చుకోండి. గ్రానైట్ షాపుల్లో పెద్ద పనుల్లో మిగిలిన ముక్కలు తక్కువకు ఇస్తారు. తాండూరు బండ, కడప రాయి కూడా అందంగానే ఉంటాయి, కానీ అవి సున్నపురాళ్లు. బాత్‌రూమ్ యాసిడ్ పడితే పైపొర తినేస్తుంది. ఆ యాసిడ్ అలవాటు మానలేని ఇంట్లో అవి వేయకండి. టైల్స్ మధ్య సిమెంటు గ్రౌట్‌నూ, ట్యాపుల మీద క్రోమ్‌నూ కూడా పాడుచేసేది అదే.

వేసే వరుస: గోడకు కింది వరుస వదిలి, రెండో వరుస నుంచి మొదలుపెట్టాలి. తర్వాత నేల. చివర్లో గోడ కింది వరుసను నేల వాటానికి తగ్గట్టు కోసి, నేల టైల్ మీద కూర్చోబెట్టాలి. అలా చేస్తే గోడమీంచి జారే నీరు సందులోకి పోకుండా నేల మీదికి వస్తుంది. వాటం 80కి 1, అంటే 8 అడుగుల పొడవుకు తలుపు దగ్గర నుంచి జాలీ దాకా 30 మి.మీ. దిగాలి.

అభ్యాసం. ఒక ఆదివారమంతా పడుతుంది, అయినా చేయండి. అడుగుకు అంగుళం చొప్పున నాలుగు గోడలూ నేలా ఒక్కోటి ఒక్కో గ్రాఫ్ కాగితం మీద గీయండి. గీసేది ఇప్పటి గది కాదు, రెండు వైపులా మందం తీసేశాక మిగిలే గది. 60 అంగుళాల గోడ 57 అవుతుంది, అంటే రెండు అడ్డం టైల్స్ పోను 9 అంగుళాల ముక్క. ఆ ముక్క తలుపు తెరవగానే కనిపించే మూలకు రాకుండా తిప్పి వేయండి. ఏ ముక్కా 3 అంగుళాలకన్నా సన్నగా రాకూడదు. వస్తే వరుస మధ్యనుంచి మొదలుపెట్టి రెండు చివర్లకూ పంచండి. తర్వాత కమోడ్, బేసిన్, మిక్సర్, గీజర్, హెల్త్ ఫాసెట్, ఎగ్జాస్ట్ అన్నిటి మధ్యగీతలూ టైల్ ముఖం నుంచి, టైల్ పడ్డ నేల నుంచి మి.మీ.లలో రాయండి. అయ్యాక ఆ ఐదు కాగితాలూ ప్లంబర్‌కు ఒక సెట్టు, మేస్త్రీకి ఒక సెట్టు జిరాక్స్ తీసివ్వండి. ఇద్దరినీ ఒకేసారి గదిలో నిలబెట్టి, కొలతలు పైకి చదివించి, సుద్దతో గోడ మీద గీయించండి. ఇద్దరి గీతలూ ఒకచోట కలవకపోతే ఆరోజు పని ఆపేయండి.

5వ పాఠంలో గ్రౌట్, సిలికాన్, సామాను బిగింపు. దానికి ఈ ఐదు కాగితాలూ పక్కన ఉండాలి.