సియాటెల్‌లో ట్రౌట్, సాల్మన్ చేపల వేట: బెంగళూరు నుంచి వెళ్ళేవాళ్ళు లైసెన్సు తీసుకునే విధానం

సియాటెల్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలు వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి వైపు అపార్ట్‌మెంట్లలో ఏటా చాలామందే ఉంటారు. అక్కడ సరస్సు గట్టున కూర్చుని ట్రౌట్‌కి గేలం వేయడం, నదిలో సాల్మన్ ఎదురెక్కే రోజుల్లో మనవలతో వెళ్ళి నిలబడటం తప్పకుండా చేయాల్సిన పనులని నా అభిప్రాయం. అయితే మన ఊరి చెరువులో వేసినట్టు వేసేస్తామంటే కుదరదు. పదిహేనేళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ సొంత లైసెన్సు ఉండాలి. అబ్బాయి లైసెన్సు మీద నాన్న గేలం పట్టుకోకూడదు. లైసెన్సు ఇచ్చేది వాషింగ్టన్ రాష్ట్ర చేపలు, వన్యప్రాణుల శాఖ.

ముందు తేల్చుకోవాల్సింది మీరు ఆ రాష్ట్ర నివాసి కింద వస్తారా, రారా అన్నది. నివాసులకు ధర తక్కువ కాబట్టి, మూడు నెలలు దాటి ఉన్నాం కదా అని కొందరు అటువైపు టిక్కు పెట్టేస్తారు. 90 రోజులుగా అక్కడ స్థిరనివాసం ఉండటంతో పాటు, ఇకమీదా అక్కడే ఉంటామనడానికి ఆధారాలు కూడా చట్టం అడుగుతుంది. విజిటర్ వీసా మీద ఆరు నెలలు ఉన్నా మీ ఇల్లు బెంగళూరే. నివాసేతరులు అన్న గడే నింపండి. నాలుగు డాలర్లు మిగుల్చుకోవడానికి పరాయి దేశంలో తప్పుడు సమాచారం ఇవ్వడం ఏమాత్రం మంచిది కాదు.

తర్వాత ఏ లైసెన్సు అన్నది. ఏడాది లైసెన్సు ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకే. ఫిబ్రవరిలో కొంటే నెలన్నరలో అయిపోతుంది. ఒకటి, రెండు, మూడు రోజుల లైసెన్సులు కూడా ఉన్నాయి, ఒకటి రెండు సార్లు సరదాగా వెళ్ళొచ్చేవాళ్ళకి అవి సరిపోతాయి. కానీ వాటితో ఒక చిక్కుంది. ఏప్రిల్ నాలుగో శనివారం పల్లపు సరస్సుల్లో ట్రౌట్ సీజన్ మొదలవుతుంది. ఆ రోజు నుంచి ఎనిమిది రోజుల పాటు ఈ తాత్కాలిక లైసెన్సు ట్రౌట్‌కి చెల్లదు. సందడంతా ఆ వారంలోనే ఉంటుంది కాబట్టి, అప్పుడే వెళ్ళాలనుకుంటే ఏడాదిదే తీసుకోండి.

దరఖాస్తు ఆ శాఖ వెబ్‌సైట్‌లో చేయొచ్చు, లేదా లైసెన్సులు అమ్మే దుకాణాల కౌంటర్లో తీసుకోవచ్చు. పేరు, పుట్టినతేదీ పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయండి. మన ఇంటిపేర్లు అటూ ఇటూ మారిపోవడం మామూలే కాబట్టి ఇది ఒకటికి రెండుసార్లు చూసుకోండి. సోషల్ సెక్యూరిటీ నంబరు దగ్గర ఆన్‌లైన్ ఫారం ఆగిపోతే కోడలిదో కొడుకుదో వేయకండి. పాస్‌పోర్టు పట్టుకుని కౌంటర్‌కే వెళ్ళండి.

సాల్మన్‌కైతే లైసెన్సు ఒక్కటే చాలదు. పట్టిన చేపల నమోదు కార్డు కూడా కావాలి, అది లైసెన్సుతో పాటే అడిగి తీసుకోవాలి. పదిహేనేళ్ళ లోపు మనవడికి లైసెన్సు అక్కర్లేదు గానీ సాల్మన్ పట్టాలంటే వాడికీ ఈ కార్డు ఉండాల్సిందే. చేపను ఉంచుకోవాలని నిర్ణయించుకున్న వెంటనే, మళ్ళీ గేలం వేయకముందే, తేదీ, నది కోడు, చేప జాతి, రెక్క కత్తిరించి ఉందా లేదా అన్నవి పెన్నుతో రాయాలి. ఇంటికెళ్ళి రాద్దాం అంటే కుదరదు.

ఆ రెక్క సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. వీపు మీది పెద్ద రెక్కకీ తోకకీ మధ్య చిటికెన వేలి కొసంత మెత్తటి రెక్క ఉంటుంది. హ్యాచరీలో, అంటే చేపపిల్లల పెంపక కేంద్రంలో, పెంచి వదిలిన పిల్లలకు దాన్ని కత్తిరించేస్తారు. అక్కడ నున్నగా మానిన మచ్చ ఉంటే హ్యాచరీ చేప. రెక్క ఉంటే సహజంగా నదిలో పుట్టినది కావచ్చు, చాలాచోట్ల దాన్ని నీళ్ళలోంచి పైకి తీయకుండానే వదిలేయాలి. సియాటెల్ పక్కనున్న ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలోని చినూక్ రకం సాల్మన్ 1999 నుంచి ముప్పులో ఉన్న చేపల జాబితాలో ఉంది. ఈ నియమం పెట్టింది అందుకే, దీన్ని మనస్ఫూర్తిగా పాటించాలి.

నియమాలు నదికో రకంగా, ఒకే నదిలో వంతెనకి అటూ ఇటూ వేరుగా కూడా ఉంటాయి. సీజన్ మధ్యలోనూ మారుతుంటాయి. బయల్దేరే రోజు ఉదయం శాఖ వెబ్‌సైట్‌లో అత్యవసర నియమాలు చూడటం మానకండి. అక్కడి ఆదివాసీ తెగలకు కేటాయించిన ప్రాంతాల (రిజర్వేషన్ల) నీళ్ళలో రాష్ట్ర లైసెన్సు ఒక్కటే పట్టుకుని దిగకండి, ఆ తెగవారి అనుమతి అడగండి. ఒలింపిక్ నేషనల్ పార్కు లోపలి నదులు, సరస్సులకైతే రాష్ట్ర లైసెన్సే అక్కర్లేదు, సాల్మన్‌కి మాత్రం కార్డు ఉండాలి.

గులాబీ సాల్మన్ ప్యూజెట్ సౌండ్ నదుల్లోకి బేసి సంఖ్య సంవత్సరాల్లోనే పెద్ద ఎత్తున వస్తుంది. టికెట్లు కొనే ముందే ఇది చూసుకోండి.

చివరిగా, కార్డులోని వివరాలు తర్వాతి ఏప్రిల్ 30 లోగా శాఖకు పంపాలి. ఒక్క చేప కూడా పడకపోయినా సున్నా అని చెప్పాల్సిందే, ఎందుకంటే వచ్చే ఏడు ఎన్ని పట్టనివ్వాలో లెక్కలేసేవాళ్ళకి ఆ సున్నా కూడా కావాలి. అప్పటికి మీరు బెంగళూరు వచ్చేసి ఉంటే ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో నమోదు చేయొచ్చు.