అమెరికాలోని అయోవా రాష్ట్రంలో చిన్న టౌన్ చరిత్ర తవ్వాలంటే ఒక్క బిల్డింగుతో మొదలుపెట్టండి

ఊరి చరిత్ర మొత్తం రాసేద్దామని కూర్చుంటే రెండో వారానికే విసుగొచ్చి వదిలేస్తారు. మెయిన్ స్ట్రీట్‌లో ఒక పాత ఇటుక బిల్డింగు ఎంచుకోండి, చాలు. రోడ్డుకి అవతలి పక్క నిలబడి తలెత్తి చూడండి, చాలావాటికి పై అంచున కట్టిన సంవత్సరం, కట్టించినవాళ్ళ ఇంటిపేరు చెక్కి ఉంటాయి. కింద షాపు ఎన్నిసార్లు మారినా పైభాగాన్ని పెద్దగా ఎవరూ ముట్టుకోరు.

ఆ సంవత్సరం పట్టుకుని శాన్‌బోర్న్ మ్యాపులు చూడండి. ఫైర్ ఇన్సూరెన్స్ కంపెనీల కోసం గీసినవి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో చాలా ఊళ్ళవి ఉచితంగా దొరుకుతాయి. గులాబీ రంగుంటే ఇటుక, పసుపైతే చెక్క, నీలమైతే రాయి. కొన్నేళ్ళకొకసారి మళ్ళీ గీసేవారు కాబట్టి రెండు మూడు పక్కపక్కన పెడితే గుర్రాల శాల ఉన్నచోట కార్ల గరాజ్ రావడం కూడా కనిపించొచ్చు. వరసగా పసుపున్న చోటంతా తర్వాతి మ్యాపులో గులాబీ అయిందా? మధ్యలో ఊరు తగలబడిందేమో అని అనుమానించి, ఆ ఏళ్ళ పాత పేపర్లు తిరగేయండి. ఆన్‌లైన్‌లో లేకపోతే టౌన్ లైబ్రరీలో మైక్రోఫిల్మ్ (పాత పేపర్లని చిన్నగా ఫోటో తీసి దాచిన రీళ్ళు) అడగండి.

తర్వాత కౌంటీ (మన జిల్లా లాంటిది) రికార్డర్ ఆఫీసు, అంటే భూముల దస్తావేజులు నమోదయ్యే చోటు. అక్కడ ఇంటి అడ్రస్ పెద్దగా పనికిరాదు, లాట్ (స్థలం), బ్లాక్ (ఆ స్థలాల గుంపు) నంబర్లు పట్టుకెళ్ళండి. ఇప్పటి ఓనరు దగ్గర మొదలుపెట్టి, ఎవరు ఎవరి దగ్గర కొన్నారో ఒక్కో దస్తావేజే వెనక్కి వెళ్తూ ఉంటే చివరికి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చిన మొదటి పట్టా తగులుతుంది. చాలామంది అక్కడ ఆగిపోతారు, నాకది నచ్చదు. ప్రభుత్వానికి ఆ నేల ఎలా వచ్చిందో కూడా రాయండి. మిసిసిపీ నది పక్కనున్న తూర్పు అయోవా అయితే, చాలావరకు 1832లో, సాక్ నాయకుడు బ్లాక్ హాక్ మనుషులతో అమెరికా చేసిన యుద్ధం తర్వాత, సాక్, మెస్క్వాకీ అనే స్థానిక ఆదివాసీ ప్రజల నుంచి తీసుకున్నది. మెస్క్వాకీలు 1857లో టామా కౌంటీలో సొంత డబ్బుతో 80 ఎకరాలు తిరిగి కొనుక్కున్నారు, ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

మనుషుల వివరాలకి సెన్సస్, అంటే జనాభా లెక్కలు. 1890 నాటి ఫెడరల్ సెన్సస్ వెతుక్కుంటూ టైం వేస్ట్ చేసుకోకండి, 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదం వల్ల దాదాపు అంతా పోయింది. అదృష్టం కొద్దీ అయోవాకి సొంత స్టేట్ సెన్సస్‌లున్నాయి: 1885, 1895, 1905, 1915, 1925. ఆఖరిదైతే బంగారమే, అందులో తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరుతో సహా ఉంటాయి.

ఒక్క జాగ్రత్త. 1880ల నాటి లావుపాటి కౌంటీ చరిత్రల్లో జీవితకథలు ఎక్కువగా ఆ పుస్తకానికి చందా కట్టినవాళ్ళవే. అందుకే అందరూ కష్టజీవులే, దానశీలురే! కూలీలు, రైల్వే పనివాళ్ళు, పనిమనుషులు అందులో కనపడరు, వాళ్ళ కోసం శ్మశానానికీ చర్చి రిజిస్టర్లకీ వెళ్ళాల్సిందే. జర్మన్ చర్చి రిజిస్టరు 1918లో ఉన్నట్టుండి ఇంగ్లిష్‌లోకి మారితే ఆశ్చర్యపోకండి, జర్మనీతో యుద్ధం నడుస్తున్న ఆ ఏడాది మే నెలలో అయోవా గవర్నర్ విలియం హార్డింగ్ బయట, ఆఖరికి ఫోన్లో కూడా, ఇంగ్లిష్ తప్ప వేరే భాష మాట్లాడకూడదని ప్రకటన చేశాడు.

పెద్దవాళ్ళ దగ్గరికి ప్రశ్నల చిట్టాతో వెళ్ళకండి. పాత ఫోటో ఒకటి చేతిలో పెట్టి, ఫోన్ రికార్డింగ్ ఆన్ చేస్తున్నానని ముందే చెప్పి, ఊరుకోండి. వాళ్ళు చెప్పిన పేర్లు ఫోటో వెనక పెన్సిల్‌తోనే రాయండి, బాల్ పెన్ను ముందువైపుకి అచ్చుపడుతుంది.