తార్న్ లోయలో నాలుగు రోజుల నడక: ఎక్కడ దిగాలి, ఎటు నడవాలి, ఏం తినాలి

ఫ్రాన్స్ అంటే మనవాళ్లకు రెండు రోజుల పారిస్, ఆ తర్వాత స్విట్జర్లాండ్ బస్సు. చేతిలో ఇంకో నాలుగు రోజులుండి, కాళ్లలో కాస్త సత్తువ ఉంటే దక్షిణాన ఉన్న లొజేర్ జిల్లాకు వెళ్లమంటాను నేను. తులూజ్‌లోనో మోన్‌పెలియేలోనో చదువుకునే పిల్లలకైతే అది పక్కింట్లో ఉన్నట్టే. అక్కడ తార్న్ నది సున్నపురాయి పీఠభూమిని నిలువునా కోసేసింది, లోయ పొడవు 50 కిలోమీటర్ల దాకా, లోతు చాలాచోట్ల 400 నుంచి 600 మీటర్లు. గండికోటలో పెన్నా గట్టున నిలబడి కిందికి చూసినవాళ్లు ఆ లోతును నాలుగైదింతలు చేసి ఊహించుకోండి. ఈ పీఠభూములూ పక్కనున్న సెవెన్ (Cévennes) అనే కొండలూ కలిపి 2011 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి.

వచ్చేవాళ్లలో చాలామంది లోయ అడుగున రోడ్డు మీద కారులో పోతూ, నాలుగు చోట్ల ఆగి ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. ఆ రోడ్డు నదికి ఒక గట్టునే ఉంది. కాలిబాట అవతలి గట్టున ఉంది, లోయ మొత్తం కనిపించేది పైన అంచు మీద నుంచి. కాబట్టి ఒక రోజు నది వెంబడి, ఒక రోజు అంచు మీద, ఒక రోజు అడవిలో అని పెట్టుకోండి. నాలుగో రోజు అటూ ఇటూ సర్దుకోవడానికి వదిలేయండి, వాన పడితే పనికొస్తుంది.

దిగడానికి రెండు వైపులున్నాయి. కింది కొసన ల రోజియే అనే ఊరు, దానికి దగ్గరి పట్టణం మియో. బేజియే నుంచి మియోకు రైలుంది, మోన్‌పెలియే నుంచి బస్సుంది. పై కొసన సెంత్ ఎనిమీ, దానికి దగ్గర మాంద్ స్టేషన్. లోయలో తిరిగే బస్సులు వేసవిలోనే కాస్త నయం, మిగతా నెలల్లో వాటిని నమ్ముకుంటే టెన్షనే. ఇద్దరు ముగ్గురు కలిసి మియోలో కారు అద్దెకు తీసుకోవడం మేలు.

నది వెంబడి నడకకు లా మలేన్, సెంత్ ఎనిమీ మధ్య ఎడమ గట్టు బాట ఎంచుకోండి. సుమారు 14 కిలోమీటర్లు, తాపీగా నడిస్తే రోజంతా పడుతుంది. అందరూ పై నుంచి కిందికి వస్తారు గానీ నేను తిరగేసి చేయమంటాను. కారు లా మలేన్‌లో వదిలేసి, నదికి ఎదురుగా సెంత్ ఎనిమీకి నడిచి, రాత్రి అక్కడే ఉండి, మర్నాడు కనూ, అంటే తెడ్డుతో నడిపే చిన్న పడవ, అద్దెకు తీసుకుని నీటి మీద లా మలేన్‌కు దిగిపోవచ్చు. తిరుగు ప్రయాణానికి బస్సు వెతుక్కునే గొడవ ఉండదు. కనూ ముందురోజే చెప్పి ఉంచుకోండి, లైఫ్ జాకెట్ వాళ్లే ఇస్తారు. ఈత రాని వాళ్లు కనూ జోలికి పోకుండా లా మలేన్‌లో పడవవాళ్ల దగ్గర టికెట్ తీసుకోండి. అడుగు చదునుగా ఉండే పడవలో కూర్చోబెట్టి, లోయ బాగా ఇరుకైన భాగం గుండా తీసుకెళ్లి, బండిలో వెనక్కి తెచ్చి దింపుతారు.

ఈ బాటలో ఓత్‌రీవ్ అనే చిన్న ఊరు తగులుతుంది. దానికి రోడ్డు లేదు. మనుషులు నడిచో పడవలోనో రావాల్సిందే, సామాన్లు నది మీదుగా కట్టిన తీగ మీద వస్తాయి. తర్వాత సాన్ షెలీ, ఊరి మధ్య నుంచి వచ్చిన నీళ్లు జలపాతంలా నదిలోకి దూకుతాయి. భోజనానికి ఆగడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. సెంత్ ఎనిమీ గులకరాళ్లు పరిచిన సందులతో మధ్యయుగం నాటి ఊరు. ఎనిమీ అనే రాకుమారికి ఇక్కడి బ్యుర్ల్ ఊటలో స్నానం చేస్తే కుష్ఠు నయమైందని స్థలపురాణం. ఆ ఊట ఇప్పటికీ ఉంది.

ఈ ఊటల సంగతి కాస్త అర్థం చేసుకుంటే అంచు మీద నడకకు తయారీ తేలికవుతుంది. పైన ఉన్నదంతా సున్నపురాయి, కురిసిన వాన కురిసినట్టే పగుళ్లలోంచి లోపలికి ఇంకిపోయి లోయ అడుగున ఊటలుగా పైకి వస్తుంది. అందుకే కింద నీళ్లే నీళ్లు, పైన కోస్ మేజాన్ పీఠభూమి మీద వాగు అన్నదే కనబడదు. అంచు నడకకు మనిషికి కనీసం రెండు లీటర్లు, జులై, ఆగస్టుల్లో మూడు, కింద ఊళ్లోనే నింపుకుని బయల్దేరాలి. కుళాయి దగ్గర 'ఓ పొతాబ్ల్' (eau potable) అని ఉంటే తాగవచ్చు, పొతాబ్ల్‌కు ముందు 'నాన్' (non) అని ఉంటే ముట్టుకోవద్దు.

అంచు నడక ల రోజియే నుంచి మొదలవుతుంది. తార్న్, జోంత్ నదులు కలిసేది ఇక్కడే. ఊరి వెనక కప్లూక్ బండ మీదుగా కోస్ మేజాన్ అంచు బాట పట్టుకుని వాజ్ ద సేవ్ర్ దాకా వెళ్లిరండి. అది కూజా ఆకారంలో ఒంటరిగా నిలబడ్డ రాతి స్తంభం. ఎక్కుడు 400 మీటర్లకు పైనే. బాట కొన్నిచోట్ల సన్నగా, ఒక పక్క ఖాళీగా ఉంటుంది. ఎత్తంటే కళ్లు తిరిగేవాళ్లు, చిన్నపిల్లలతో ఉన్నవాళ్లు దీన్ని వదిలేయండి, మొహమాటపడాల్సిన పనేం లేదు.

ఇక్కడ తలెత్తి చూడడం మర్చిపోకండి. ఈ లోయల్లో పూర్తిగా అంతరించిన రాబందులను 1981 నుంచి మళ్లీ తెచ్చి వదిలారు, ఇప్పుడు గుంపులు గుంపులుగా తిరుగుతుంటాయి. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు మన రాబందులను దాదాపు తుడిచిపెట్టేసింది కదా, ఈ తరం పిల్లల్లో చాలామంది ఆ పక్షిని చూసే ఉండరు. ఇక్కడ కంటి ఎత్తులో ఎగురుతూ కనిపిస్తుంది.

నడకకు ఎంతసేపు పడుతుందో కిలోమీటర్లను బట్టి లెక్కేస్తే తప్పుతుంది. చదునుగా ఉంటే గంటకు నాలుగు కిలోమీటర్లు, ఎక్కుడైతే గంటకు 300 మీటర్ల ఎత్తు, ఈ లెక్క పెట్టుకుని, భోజనానికీ ఫొటోలకీ ఇంకో గంట కలపండి. గుర్తులు చెట్ల మీదా బండల మీదా రంగుతో వేసి ఉంటాయి: పసుపు గీత చిన్న చుట్టు బాట, తెలుపు ఎరుపు దూరప్రయాణపు బాట, పసుపు ఎరుపు ఆ ప్రాంతాన్ని చుట్టివచ్చే బాట. ఇంటూ గుర్తు కనిపిస్తే అటు మీ దారి కాదని అర్థం. పావుగంట నడిచినా ఒక్క గీతా కనబడకపోతే చివరి గీత చూసిన చోటికి వెనక్కి రండి, ముందుకెళ్తే ఎక్కడో కలుస్తుందిలే అనుకోవద్దు. లోయలో సిగ్నల్ సరిగా ఉండదు కాబట్టి మ్యాప్ ముందే ఫోన్‌లోకి దించుకోండి. ఫ్రెంచ్ ప్రభుత్వ సంస్థ ఐజీఎన్ వేసే 1:25,000 కాగితం మ్యాప్ ఒకటి సంచిలో ఉంటే ఇంకా మంచిది.

అడవి రోజుకు జోంత్ లోయ వెంబడి పైకి మేర్వేస్ అనే ఊరికి, అక్కణ్ణుంచి 1,565 మీటర్ల ఎగ్వాల్ కొండకు వెళ్లండి. ఇప్పుడు దట్టంగా కనిపించే ఈ అడవి చాలావరకు మనుషులు నాటింది. పందొమ్మిదో శతాబ్దంలో మేతకూ కలపకూ కొండలు బోడి అయిపోయి, వానొస్తే మట్టంతా ఊళ్ల మీదికి కొట్టుకొస్తుంటే, జార్జ్ ఫాబ్ర్ అనే అటవీ అధికారి పట్టుబట్టి నాటించాడు. శిఖరం మీద 1894 నాటి వాతావరణ కేంద్రపు భవనం, కాస్త దిగువన చెట్ల పరిశోధనకు పెంచిన ఓర్ ద ద్యో తోట ఉన్నాయి. గాలి మాత్రం చంపేస్తుంది, కింద ఎండగా ఉందని జాకెట్ కారులో వదిలేయకండి.

కాలం సంగతికొస్తే మే చివర, జూన్, సెప్టెంబర్ మొదటి రోజులు మంచివి. ఆగస్టులో ఎండా జనమూ రెండూ ఎక్కువే. సెప్టెంబర్ మధ్య నుంచి నవంబర్ దాకా సెవెన్ కొండల మీద కొన్ని గంటల్లోనే కుండపోత పోసి నదులు ఒక్కసారిగా పొంగుతాయి. పొద్దున్నే అక్కడి వాతావరణ శాఖ మెతెయో ఫ్రాన్స్ హెచ్చరిక చూసి, ఆరెంజ్ గానీ ఎరుపు గానీ ఉంటే ఆ రోజు నది పక్కకు వెళ్లొద్దు. శరదృతువులో వేట కూడా నడుస్తుంది కాబట్టి కంటికి కొట్టొచ్చే రంగు బట్టలు వేసుకోండి.

ఇక తిండి. 'జీత్ దెతాప్' (gîte d'étape) అని నడిచేవాళ్ల కోసం ఉండే బసలు వెతకండి, 'దెమీ పాన్సియోన్' అంటే పడక, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ కలిపి. శాకాహారులైతే బుక్ చేసేటప్పుడే 'సాన్ వ్యాండ్, సాన్ ప్వసోన్' (sans viande, sans poisson) అని రాయండి, అంటే మాంసం వద్దు, చేప వద్దు. సాయంత్రం ఏడింటికి వెళ్లి చెబితే అప్పటికే మాంసం కూర పొయ్యి మీద ఉంటుంది. బంగాళాదుంప, తాజా చీజ్ కలిపి సాగేలా చేసే అలిగో ఈ ప్రాంతపు వంట, మనవాళ్లకు బాగానే నచ్చుతుంది, కాకపోతే పచ్చిమిర్చి లేని లోటు తెలుస్తుంది. కచ్చితమైన శాకాహారులకు ఒక మాట: ఇక్కడి సంప్రదాయ చీజ్‌లలో చాలావాటికి, పక్కనే తయారయ్యే రోక్‌ఫోర్‌తో సహా, పాలు విరగ్గొట్టడానికి జంతువు పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. పీఠభూమి మీద దుకాణాలుండవు. ఊళ్లో ఉన్నవి మధ్యాహ్నం మూసేస్తారు, చాలాచోట్ల ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా అంతే సంగతి. శనివారమే రొట్టె, పళ్లు కొని పెట్టుకోండి, పులిహోర కలుపుకుని వెళ్లగలిగితే అంతకన్నా హాయి లేదు. బయల్దేరే ముందు ఏ బాటలో వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో బసవాళ్లకు చెప్పండి, అత్యవసరమైతే 112కు ఫోన్ చేయండి.