ఎండాకాలం గ్లేసియర్ మీద స్కీయింగ్: ఎవరికి వర్త్, ఎవరికి డబ్బు దండగ

జూన్, జూలైలో యూరప్ ట్రిప్ వేసుకునేవాళ్ళలో చాలామందికి వచ్చే డౌట్ ఇది. ఆల్ప్స్ దాకా వెళ్తున్నాం కదా, పైన గ్లేసియర్ల మీద, అంటే ఏళ్ళ తరబడి పేరుకుపోయిన ఐస్ మీద, ఎండాకాలంలో కూడా మంచు ఉంటుందంట కదా, ఒక రోజు స్కీయింగ్ కూడా పెట్టేద్దామా అని. మేం మ్యూనిక్‌లో ఉంటాం కాబట్టి ఇండియా నుంచి చుట్టాలో ఫ్రెండ్సో దిగినప్పుడల్లా ఈ టాపిక్ మా ఇంట్లో నడుస్తూనే ఉంటుంది. నా మాట సూటిగా చెప్పేస్తా. మీకు స్కీయింగ్ ఇప్పటికే వచ్చుంటే హాలిడేలో ఒక్క పొద్దున దానికి ఇచ్చెయ్యండి, బాగుంటుంది, కానీ ఒక్క పొద్దునే, వారమంతా కాదు. రాకపోతే మాత్రం వద్దు, ఫస్ట్ టైమ్ ట్రై చేద్దాం ఫోటోలైనా వస్తాయి అనుకునేవాళ్ళయితే అస్సలు వద్దు, ఆ డబ్బుతో కొండల్లో ఇంతకంటే మంచి పనులు బోలెడున్నాయి.

ముందు ఎక్కడెక్కడ తెరిచి ఉంటుందో చూద్దాం, ఎందుకంటే నెట్‌లో తిరిగే పాత లిస్టులు చూసి బుక్ చేసుకుంటే మునిగిపోతారు. ఒకప్పుడు ఆల్ప్స్‌లో ఎండాకాలం స్కీయింగ్ చాలా చోట్ల ఉండేది. ఇప్పుడు ఏడాది పొడవునా నడుపుతాం అని చెప్పుకునేవి రెండే, స్విట్జర్లాండ్‌లో జెర్మాట్, ఆస్ట్రియా టిరోల్‌లో హింటర్‌టుక్స్. జెర్మాట్‌లో కేబుల్ కార్ క్లైన్ మాటర్‌హార్న్ దగ్గర 3883 మీటర్ల దాకా తీసుకెళ్తుంది, యూరప్‌లో అంతకంటే ఎత్తైన కేబుల్ కార్ స్టేషన్ లేదు, పరిస్థితి బాగుంటే ఎండాకాలంలో కూడా 21 కిలోమీటర్ల దాకా రన్స్, అంటే స్కీలతో జారే దారులు, ఉంటాయి. హింటర్‌టుక్స్‌లో 3250 మీటర్ల దాకా వెళ్ళచ్చు. మిగతావన్నీ కొన్ని వారాల ముచ్చటే. ఫ్రాన్స్‌లో లే డూజాల్ప్ జూన్‌లో తెరిచి జూలైలో మూసేస్తుంది, స్విట్జర్లాండ్‌లోనే సాస్ ఫే జూలై మధ్యలో మొదలుపెడుతుంది కానీ అక్కడ ఎక్కువగా రేసింగ్ టీములే కనిపిస్తాయి. ఇటలీలో స్టెల్వియో కథ పూర్తిగా ఉల్టా, 2757 మీటర్ల ఎత్తులో ఉన్న ఆ కనుమకి చలికాలంలో రోడ్డే మూసేస్తారు కాబట్టి అక్కడ స్కీయింగ్ అంటేనే ఎండాకాలం.

ఏడాది పొడవునా అన్న మాటని కూడా గుడ్డిగా పట్టుకోకండి. 2022 జూలై చివర్లో జెర్మాట్‌లోనే ఎండలకి సమ్మర్ స్కీయింగ్ ఆపేశారు, లే డూజాల్ప్ అయితే ఆ ఏడాది అనుకున్న టైమ్ కంటే చాలా ముందే మూసేసింది. స్విస్ గ్లేసియర్లు ఆ ఒక్క ఏడాదిలో తమ మొత్తం ఐస్‌లో 6 శాతం, మరుసటి ఏడాది ఇంకో 4 శాతం పోగొట్టుకున్నాయి. అందుకే మొత్తం ట్రిప్‌ని దీని చుట్టూ కట్టుకోవద్దు అంటున్నా. జూన్ మొదటి మూడు వారాలు బెటర్, చలికాలం పడ్డ మంచు ఇంకా ఐస్ మీద కప్పుకుని ఉంటుంది. ఆగస్టులో ఆ పొర కరిగిపోయి కింద బూడిద రంగు ఐస్ బయటపడుతుంది, రన్స్ తగ్గిపోతాయి, మన స్కూల్ సెలవులు ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా కాబట్టి ఇండియా నుంచి వచ్చేవాళ్ళకి జూన్ మొదట్లో వెళ్ళడం ఒక రకంగా కలిసొస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, ఆ రోజు ఎలా గడుస్తుంది అన్నది. చలికాలం స్కీయింగ్‌లా తొమ్మిదికి లేచి టిఫిన్ చేసి పదింటికి వెళ్దాం అంటే ఇక్కడ కుదరదు. రాత్రి ఆకాశం క్లియర్‌గా ఉంటే పైన మంచు గడ్డకడుతుంది, పొద్దున్నే స్కీ ఎడ్జ్, అంటే స్కీ అంచున ఉండే ఉక్కు పట్టీ, పెట్టగానే కరకరమని సౌండ్ వస్తుంది, మంచు చదును చేసే గ్రూమింగ్ మెషీన్ గీసిన గీతలు అలాగే గట్టిపడి ఉంటాయి, కాళ్ళ కింద డడడడ అని వైబ్రేషన్, ఎడ్జ్‌లు అరిగిపోయిన అద్దె స్కీలైతే ఆ టైమ్‌లో నరకమే. ఎనిమిదిన్నర నుంచి పదిన్నర మధ్య పైన ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రం మెత్తబడుతుంది, కింద గట్టిగానే ఉంటుంది, ఆ రెండు గంటల కోసమే ఇంత కష్టం, వెన్నలా తిరుగుతాయి స్కీలు. పదకొండు దాటాక తడి ఎక్కువై స్కీలు అంటుకుపోయినట్టు లాగుతాయి, మోకాళ్ళ మీద బరువు పడుతుంది, గాయాలయ్యేది ఎక్కువగా అలసిపోయి ఈ బురద మంచులో చివరి రన్ ఇంకొక్కటి అనుకున్నప్పుడే. చాలా చోట్ల మధ్యాహ్నానికే స్కీ లిఫ్టులు ఆపేస్తారు, అంతకుముందే మీరే ఆపెయ్యడం తెలివైన పని.

రాత్రంతా మబ్బులు కమ్మి ఉంటే మంచు గడ్డకట్టదు, పొద్దున్నుంచే మెత్తగా పాడైపోయి ఉంటుంది. కాబట్టి ముందు రోజు సాయంత్రం చూడాల్సింది వాన పడుతుందా లేదా అన్నది ఒక్కటే కాదు, రాత్రి పైన టెంపరేచర్ సున్నా కిందకి వెళ్తుందా, ఆకాశం క్లియర్‌గా ఉందా అన్నది. జెర్మాట్, హింటర్‌టుక్స్ రెండు చోట్లా లైవ్ వెబ్‌క్యామ్‌లు ఉన్నాయి, సైట్‌లో ఏ లిఫ్ట్ ఏ రన్ ఓపెన్ అన్నది రోజూ పెడతారు, అవి చూశాకే లిఫ్ట్ పాస్ కొనండి, వారం ముందు ఆఫర్ కనిపించింది కదా అని కొనేసుకోకండి.

స్కీయింగ్ రానివాళ్ళకి వద్దు అని ఎందుకంటున్నానంటే, ఒకటి ఎత్తు. క్లైన్ మాటర్‌హార్న్ దగ్గర గాల్లో మనకి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతుల కంటే తక్కువే, బూట్లు వేసుకుని ఇరవై మెట్లు ఎక్కితేనే ఆయాసం వస్తుంది, కొత్తగా నేర్చుకునేవాడు పడి లేవడానికే సగం శక్తి పోతుంది. రెండోది లిఫ్టులు. గ్లేసియర్ ఐస్ నెమ్మదిగా కదులుతూనే ఉంటుంది కాబట్టి దాని మీద చెయిర్ లిఫ్టుల స్తంభాలు పాతడం కష్టం, అందుకే చాలా చోట్ల టీ-బార్ ఉంటుంది. అంటే ఒక అడ్డ కర్ర మీ తొడల వెనక నుంచి పైకి తోస్తుంది, మీరు నిలబడే ఉండాలి, కూర్చోబోయారా వెల్లకిలా పడతారు, వెనకవాళ్ళంతా ఆగుతారు. కొత్తవాళ్ళు కిందకి జారేటప్పుడు కంటే ఈ టీ-బార్ ఎక్కేటప్పుడే ఎక్కువ పడతారు, నిజం. మూడోది, పొద్దున్నే మంచి రన్స్ సగం రేసింగ్ టీములకి ఇచ్చేస్తారు, రేసు ప్రాక్టీస్‌కి గేట్ల కర్రలు పాతి తాళ్ళు కట్టేస్తారు, వేరే దేశాల జూనియర్ పిల్లలు రాకెట్లలా దూసుకుపోతుంటారు, మిగిలిన జాగాలో మనం. నేర్చుకోవడానికి కావాల్సిన మెత్తని మంచు, ఖాళీ స్లోప్, తీరిగ్గా చెప్పే టీచర్ ఇక్కడ దొరకడం కష్టం.

నేర్చుకోవాలనే ఉంటే వేరే దారులున్నాయి. ఇండియాలో ఉంటే డిసెంబర్, జనవరి నుంచి మార్చి దాకా ఔలీలో, గుల్‌మార్గ్‌లో ప్రభుత్వ సంస్థలే కోర్సులు నడుపుతాయి, యూరప్ రేట్లతో పోలిస్తే చాలా చవక, అక్కడ ఒక కోర్సు చేసి వస్తే ఆల్ప్స్‌లో డబ్బు పెట్టినందుకు న్యాయం ఉంటుంది. జర్మనీలో ఉండేవాళ్ళకి నాయిస్‌లో, బొట్రాప్‌లో ఇండోర్ హాళ్ళు ఎండాకాలం కూడా తెరిచే ఉంటాయి, న్యూజెర్సీ మనవాళ్ళకి అమెరికన్ డ్రీమ్ మాల్‌లో బిగ్ స్నో ఉంది, దుబాయ్ మీదుగా వెళ్ళేవాళ్ళకి స్కీ దుబాయ్ ఉంది. మే నెలలో మనాలి వెళ్ళి రోహ్‌తాంగ్ దారిలో అద్దె కోటు, అద్దె స్కీలు వేసుకుంటే ఒకాయన చెయ్యి పట్టుకుని యాభై అడుగులు నడిపిస్తాడు చూడండి, అది సరదా, కాదనను, కానీ దాన్ని అనుభవం కింద లెక్కేసుకుని హింటర్‌టుక్స్‌లో రెడ్ రన్ (మధ్యస్థం కష్టం ఉన్న దారి) ఎక్కకండి.

సరే, స్కీయింగ్ వచ్చు, వెళ్తాం అనుకున్నవాళ్ళు ఎలా చెయ్యాలంటే, ముందు కింద ఊళ్ళో కనీసం ఒక రాత్రి, వీలైతే రెండు రాత్రులు పడుకోండి. జెర్మాట్ ఊరు 1600 మీటర్ల ఎత్తు, ఆ ఊళ్ళోకి బయటి కార్లు రానివ్వరు, కింద టేష్ అనే ఊళ్ళో కార్ పెట్టి షటిల్ రైలెక్కాలి, అందుకని జ్యూరిక్ నుంచి అదే రోజు వచ్చి స్కీయింగ్ చెయ్యడం అయ్యే పని కాదు. మ్యూనిక్ వాళ్ళకి హింటర్‌టుక్స్ ఈజీ, కార్‌లో రెండున్నర మూడు గంటలు, ఆస్ట్రియా వినియెట్ (హైవే టోల్ స్టిక్కర్) ముందే కొనుక్కోండి, లేదా రైలులో యెన్‌బాఖ్ దాకా వెళ్ళి అక్కడ్నుంచి చిన్న జిల్లర్‌టాల్ రైలులో మైర్‌హోఫెన్, ఆ పైన బస్. బడ్జెట్ చూసుకునేవాళ్ళకి ఇంకో దారి, జెర్మాట్ గ్లేసియర్‌నే ఇటలీ వైపు చెర్వీనియా నుంచి కూడా ఎక్కచ్చు, హోటళ్ళు, తిండి అటువైపు చవక, సమ్మర్‌లో అటు కూడా కొన్ని వారాలు తెరుస్తారు, డేట్లు చూసుకోండి.

గేర్ ముందు రోజు సాయంత్రమే తీసేసుకోండి, పొద్దున ఆరింటికి షాప్ దగ్గర క్యూ కట్టక్కర్లేదు. షాపులో ఎడ్జ్‌లు ఎప్పుడు సానబెట్టారో అడగండి, గోరు అంచుని ఎడ్జ్ మీద అడ్డంగా లాగితే సన్నగా పొడి రాలాలి, రాలకపోతే వేరే జత ఇమ్మనండి, పొద్దున గట్టి మంచు మీద ఇదే ప్రాణం కాపాడేది. బట్టలు పొరలు పొరలుగా వేసుకోండి, పైన ఏడింటికి మైనస్‌లో ఉండచ్చు, పదకొండుకి టీషర్ట్‌తో చెమటలు పడతాయి. సన్‌స్క్రీన్ 50 రాయండి, మన రంగుకి ఏం కాదులే అనుకోకండి, ప్రతి వెయ్యి మీటర్లకీ యూవీ 10 శాతం దాకా పెరుగుతుంది, కొత్త మంచు దాన్ని 80 శాతం దాకా తిప్పి మొహం మీదకి కొడుతుంది, అందుకే మాడేది నెత్తి కాదు, గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచులు. అక్కడ కూడా రాయాలి, నవ్వుతారు గానీ సాయంత్రం నవ్వేది రాసుకున్నవాళ్ళే. కళ్ళకి మామూలు ఫ్యాషన్ గ్లాసెస్ పనికిరావు, గాగుల్స్ లేదా కేటగిరీ 4 (బాగా నల్లటి) గ్లాసెస్ కావాలి.

తాడు కట్టిన హద్దు దాటి అడుగు వెయ్యకండి. గ్లేసియర్‌లో పైకి కనిపించని పగుళ్ళు ఉంటాయి, పైన పల్చటి మంచు వంతెన ఉంటుంది, ఎండాకాలంలో అవి బలహీనపడతాయి, ఫోటో కోసం నాలుగడుగులు పక్కకి వెళ్ళడం కూడా అందులోకే వస్తుంది. ఇన్సూరెన్స్ సంగతి మనవాళ్ళు ఎవ్వరూ పట్టించుకోరు. షెంగెన్ వీసాకి 30,000 యూరోల కవర్ ఉన్న పాలసీ తీసుకుంటాం కదా, దాంట్లో స్కీయింగ్ ఉందని కాదు, చాలా పాలసీల్లో అడ్వెంచర్ స్పోర్ట్స్ బయటే ఉంటాయి, కొండ మీద నుంచి హెలికాప్టర్‌లో దించితే బిల్లు వేల యూరోల్లో వస్తుంది. వింటర్ స్పోర్ట్స్, రెస్క్యూ అన్న రెండు మాటలూ పాలసీ కాగితంలో ఉన్నాయో లేదో కళ్ళతో చూసుకున్నాకే పైకెక్కండి.

ఖర్చు లెక్క చూస్తే పాస్, స్కీలు, బూట్లు, హెల్మెట్ కలిపి జెర్మాట్‌లో మనిషికి వంద ఫ్రాంకులు ఈజీగా దాటుతుంది, దొరికేది నాలుగు గంటలు, అందులో బాగుండేది రెండు. లెక్క చూస్తే దండగే, చలికాలంలో అదే డబ్బుకి పొద్దున్నుంచి సాయంత్రం దాకా వందల కిలోమీటర్ల రన్స్ దొరుకుతాయి. అయినా నేను వెళ్ళమనే చెప్తా, ఎందుకంటే స్కీయింగ్ పిచ్చి ఉన్నవాడికి జూలైలో కాళ్ళ కింద ఎడ్జ్ పట్టు దొరకడం వేరే కిక్కు, పైగా మధ్యాహ్నానికల్లా కిందకొచ్చి పచ్చటి గడ్డి మీద చెప్పులేసుకుని తిరగచ్చు.

ఇంట్లో ఒక్కరికే స్కీయింగ్ వచ్చి మిగతావాళ్ళకి రాకపోతే, మన ఫ్యామిలీల్లో ఎక్కువ ఇదే పరిస్థితి కదా, విడిపోండి. వచ్చినవాళ్ళు ఫస్ట్ కేబుల్ కార్‌లో వెళ్ళిపోవాలి, మిగతావాళ్ళు తీరిగ్గా తొమ్మిదిన్నరకి మామూలు టూరిస్ట్ టికెట్‌తో వస్తే సరిపోతుంది. జెర్మాట్‌లో పైన ఐస్ లోపల తవ్విన గ్లేసియర్ ప్యాలెస్ ఉంది, హింటర్‌టుక్స్‌లో నాటూర్ ఐస్ పలాస్ట్ అని నిజమైన పగుళ్ళలోకే దింపుతారు, రెండోదే నాకు ఎక్కువ ఇష్టం. చిన్నపిల్లలు, అమ్మానాన్నలు ఉంటే ఇవి కూడా కాదు, స్విట్జర్లాండ్‌లోనే టూరిస్టులు ఎక్కువగా వెళ్ళే టిట్లిస్‌కో యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కో తీసుకెళ్ళండి, మంచు బాగుంటే ట్యూబుల మీద, స్లెడ్జిల మీద జారచ్చు, నేర్చుకునే పనే లేదు. స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే టిట్లిస్‌కి సగం, యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కి 25 శాతం తగ్గుతుంది. బీపీ, గుండె ప్రాబ్లమ్ ఉన్న పెద్దవాళ్ళని 3000 మీటర్లు దాటించే ముందు డాక్టర్‌ని అడగండి, పైన తలనొప్పి, వాంతి వచ్చినట్టుంటే టాబ్లెట్ వేసి కూర్చోబెట్టడం కాదు, నెక్స్ట్ కేబుల్ కార్‌లోనో రైలులోనో కిందకి దించెయ్యండి. తిండి సంగతికొస్తే పైన రెస్టారెంట్లలో వెజ్ అంటే ఫ్రైస్, సూప్, రేట్లు చూస్తే కడుపు నిండిపోతుంది, హోటల్‌లో కిచెన్ ఉంటే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకెళ్ళండి, చల్లారినా బాగుంటుంది, పెరుగన్నం మాత్రం ఆ చలిలో ఎవరూ ముట్టరు.