ఆర్కేడ్ మెషీన్ (నాణెం వేసి ఆడే వీడియో గేమ్ పెట్టె) వెనక తలుపు తీసే ముందు

☐ స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకేయండి. పీకిన ప్లగ్గు కంటికి కనబడేచోట పెట్టుకోండి. ఇంట్లో పిల్లలుంటే మరీను.

☐ ప్లగ్గులో పైనున్న లావుపాటి పిన్నే ఎర్త్. అది విరిగిన ప్లగ్గుతో మెషీన్ నడపొద్దు.

☐ మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో (రెసిస్టెన్స్ కొలిచే చోట) పెట్టి ఒక ప్రోబ్ ఆ పిన్నుకి, రెండోది కాయిన్ డోర్‌కి, ఇనుప కంట్రోల్ ప్యానెల్‌కి, పవర్ సప్లై డబ్బాకి ఆనించండి. ఒక ఓమ్ లోపే చూపించాలి, అప్పుడే ఎర్త్ సరిగ్గా కలిసినట్టు. రంగు మీద కాదు, స్క్రూ మీద ఆనించాలి. చెక్క పెట్టెకి షాకేంటి అనుకుంటాం కానీ, చేతులు తగిలే చోట చాలావరకు ఇనుమే.

☐ గోడ సాకెట్‌లో ఎర్త్ నిజంగా ఉందా? కొన్ని పాత ఇళ్లలో రంధ్రం ఉంటుంది, వెనక వైరుండదు. ఎలక్ట్రీషియన్‌కి చూపించండి. పనిలో పనిగా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) కూడా పెట్టించుకోండి.

☐ అమెరికా మెషీన్‌కి 120 వోల్టులు, జపాన్‌దానికి 100. మన 230కి నేరుగా తగిలించొద్దు.

☐ పాత పిక్చర్ ట్యూబ్ ఉంటే అసలు టెన్షన్ అక్కడే. నడిచేటప్పుడు అందులో సుమారు 20 వేల వోల్టులుంటాయి, ప్లగ్గు పీకినా ఛార్జ్ మిగిలిపోవచ్చు. దీన్ని ఆర్‌సీసీబీ ఆపలేదు. డిశ్చార్జ్ చేయడం రాకపోతే ట్యూబ్ మీది రబ్బరు మూత జోలికి వెళ్లకండి, తెలిసిన టీవీ మెకానిక్‌ని పిలవండి.